మూడో మనిషికి వేస్తే ఓటు మురిగిపోతుందా?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పినావు, ఎన్నికల డ్యూటీలు చేసినావు. ఓటు గురించి ఒక అరగంట మాట్లాడు. కానీ రాజకీయం మాత్రం మాట్లాడొద్దు" అన్నాడు. కాలువలో దిగాలంట, కాళ్లు తడవకూడదంట! సరే, ప్రయత్నం చేస్తాను. ఎవరికి ఓటేయాలో చెప్పను. నేను ఎవరికి వేశానో అసలే చెప్పను. ఎన్నికలప్పుడు నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా వినిపించే ఒక్క మాట గురించే మాట్లాడతాను.

"ఆ యప్ప మంచోడే. కానీ గెలవడు గదా! ఓటు ఎందుకు మురగబెట్టుకోవడం?"

ఈ మాట మీరందరూ విన్నారు. మనలో చాలామంది అన్నారు కూడా. నేనూ అన్నాను. గెలుపు ఇద్దరి మధ్యే అని తేలిపోయిన చోట, ఆ ఇద్దరూ కాని మూడో మనిషికి ఓటేయడం తెలివైన పనా, తెలివితక్కువ పనా? ఆ మూడో మనిషిది చిన్న పార్టీ కావచ్చు, కొత్త పార్టీ కావచ్చు, ఏ పార్టీ లేని స్వతంత్రుడు కావచ్చు. ఇదీ ప్రశ్న.

దీనికి జవాబు నాకు మొదట దొరికింది ఈ బడిలోనే. తొమ్మిదో తరగతిలో మాకు క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టారు. మా సాంఘిక శాస్త్రం సారు చీటీలు పంచారు. నిలబడినవాళ్లు ముగ్గురు. ఇద్దరు ఊరి పిల్లలు, ఒకడు హాస్టల్ పిల్లాడు. క్లాసులో 46 మందిమి. లెక్కపెడితే మొదటివాడికి 18, రెండోవాడికి 15, మా హాస్టల్ పిల్లాడికి 13 వచ్చాయి. మొదటివాడు గెలిచినట్టు సారు బోర్డు మీద రాశారు.

అంతటితో వదిలిపెట్టి ఉంటే నేను మరచిపోయేవాణ్ణి. సారు సుద్దముక్క కింద పెట్టి, "ఇప్పుడు మూడోవాడు లేడనుకోండి. మిగతా ఇద్దరిలో ఎవరు కావాలో చేతులెత్తండి" అన్నారు. రెండోవాడికి 26 చేతులు లేచాయి, మొదటివాడికి 20. క్లాసంతా గోల. అసలు లీడర్ ఎవరు సార్ అని అడిగాం. అప్పుడు సారు చెప్పిన మాట ఇది: "ఇద్దరూ నిజంగానే గెలిచినారు. మీ మనసులు మారలేదురా, లెక్కపెట్టే పద్ధతి మారింది."

మొదటి లెక్కే ఖాయం చేశారు, ముందే ఒప్పుకున్న పద్ధతి అదే కాబట్టి. హాస్టల్ పిల్లలను మిగతావాళ్లు తిట్టిపోశారు. "మీ పదమూడు ఓట్లూ గుంతలో పోసినారు కదరా!" అని. ఆ పదమూడింటిలో ఒకటి నాది. చూశారా, చెప్పనన్న రహస్యం ఒకటి బయటపడింది. అది యాభై ఏళ్ల కిందటిది, ఫర్వాలేదు.

అయితే కథ అక్కడ ముగియలేదు. మా హాస్టల్లో ఉదయం అన్నం ఆలస్యమయ్యేది. మొదటి పీరియడ్‌కు పరుగెత్తుకొచ్చినా లేటు మార్కు పడేది. మావాడు నిలబడింది ఆ ఒక్క విషయం కోసమే. ఎన్నికైన వారం తిరక్కుండానే కొత్త లీడర్ హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, హాస్టల్ పిల్లలకు పది నిమిషాలు వెసులుబాటు ఇప్పించాడు. ఎందుకు? మా మీద ప్రేమతో కాదు. ఏడాది తర్వాత పదో తరగతిలో మళ్లీ ఎన్నిక ఉంది. ఆ పదమూడు ఓట్లు ఎటు పోతే వాళ్లే గెలుస్తారని క్లాసులో అందరికీ తెలిసిపోయింది.

మరి ఆ ఓట్లు మురిగినట్టా, మొలిచినట్టా? నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదట లెక్క చూద్దాం. మన దేశంలో ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో సగం ఓట్లు రావాలనే నియమం లేదు. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. ఇలాంటి పద్ధతి ఉన్నచోట కాలక్రమంలో పోటీ ఇద్దరి మధ్యకే కుదించుకుపోతుందని ఫ్రెంచి పండితుడు మారిస్ డ్యువర్జే 1951లోనే రాశాడు. జనం మూడోవాడిని ఇష్టపడక కాదు, ఓటు వృథా అవుతుందేమోనన్న భయంతో వదిలేస్తారు. ఆయన మన టీ అంగళ్ల దగ్గరికి రాకుండానే ఆ మాట కనిపెట్టాడు.

ఆయన చెప్పింది పుస్తకంలో ఉండగానే, మన దగ్గర దానికి రుజువు కనిపించింది. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి 140 స్థానాలు. కమ్యూనిస్టులకు వచ్చిన ఓట్లు ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ, గెలిచిన స్థానాలు 41. ఎదుటివాళ్లు కాంగ్రెస్, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ అని చీలిపోయి ఉన్నారు. మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, 1955లో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఎదుటివాళ్లంతా ఒక్కటై నిలబడ్డారు. కమ్యూనిస్టుల ఓట్లు తగ్గలేదు, పెరిగాయి. 31 శాతానికి చేరాయి. స్థానాలు మాత్రం 196లో 15కు పడిపోయాయి. ఓట్లు పెరిగి సీట్లు తగ్గడమంటే పిల్లలు నమ్మరు. నేను ఈ రెండు ఎన్నికలూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించేవాణ్ణి. మా సారు మాటే మళ్లీ: లెక్కపెట్టే పద్ధతి. డెబ్బై ఏళ్ల తర్వాత 2024లోనూ అదే పద్ధతి. దాదాపు 39 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి మన శాసనసభలో 175కు 11 స్థానాలే దక్కాయి.

కాబట్టి "ఓటు చీలుతుంది" అనే మాట ఉత్త బెదిరింపు కాదు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో గెలుపోటముల మధ్య తేడా 25 ఓట్లు. ఒక పెళ్లి బస్సు ఆలస్యమైతే చాలు, ఎమ్మెల్యే మారిపోయేవాడు. అక్కడ జనసేన మద్దతుతో నిలబడిన సీపీఎం అభ్యర్థికి వేల ఓట్లు వచ్చాయి. మన సీమలోనే మడకశిరలో 2024లో తేడా 351. అక్కడా మూడో స్థానంలో ఉన్న అభ్యర్థికి దానికి ఎన్నో రెట్లు వచ్చాయి. దూరదేశం చూడాలంటే 2000లో అమెరికా. ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో గెలిచి అధ్యక్షుడయ్యాడు. మూడో అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు ఆ రాష్ట్రంలో 97 వేలకు పైగా పడ్డాయి. ఆ 97 వేల మందిలో ఎంతమంది తర్వాత తల పట్టుకున్నారో వాళ్లకే తెలియాలి. మూడో మనిషికి వేస్తే ఏమీ కాదులే అని ఎవరైనా తేలిగ్గా చెబితే నమ్మకండి. ఒక్కోసారి అవుతుంది. మనకు ఏమాత్రం ఇష్టం లేనివాడు మన చేతుల మీదుగానే గెలుస్తాడు.

ఇక రెండో వైపు. "గెలవడు" అని మనం ఎలా చెబుతాం? పక్కవాడు చెప్పాడు కాబట్టి. పక్కవాడికెవరు చెప్పారు? మనమే!

1977 గుర్తుందా? మా వయసు వాళ్లకు బాగా గుర్తు. అప్పటికి ఓటు హక్కు ఇరవై ఒక్క ఏళ్లకు. నాకు ఇంకా రాలేదు. ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన ఎన్నికలు. జనతా పార్టీ పుట్టి రెండు మూడు నెలలైంది. ఉత్తరాదిలో దాని గాలి వీచినా, మన రాష్ట్రంలో ఆకు కూడా కదల్లేదు. 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంది. మిగిలిన ఆ ఒక్కటీ ఏది? నంద్యాల! ఇక్కడి నుంచి నీలం సంజీవరెడ్డి గారు జనతా అభ్యర్థిగా గెలిచారు. మార్చిలో గెలిచి, లోక్‌సభ స్పీకరై, జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రమంతా "గెలవని పార్టీ" అనుకున్న దాన్ని మన ఓటర్లు గెలిపించారు. ఆ రోజు నంద్యాలలో ప్రతివాడూ పక్కవాడి మాట విని ఉంటే, చరిత్రలో ఆ పేజీ వేరేగా ఉండేది.

నా మొదటి అసెంబ్లీ ఓటు 1983 జనవరిలో. తెలుగుదేశం పుట్టి తొమ్మిది నెలలు. మా నాయన, "సినిమా చూసేదానికి పోతే పో, ఓటు మాత్రం పాడుచేసుకోవద్దు. నిన్నగాక మొన్న పుట్టిన పార్టీ, గెలిచేదుందా?" అన్నాడు. ఫలితాలు వచ్చేసరికి 294లో దాదాపు రెండు వందల స్థానాలు ఆ పార్టీవే. మా నాయన రేడియో కట్టేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఎవరికి వేశానో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ రోజు మనం "రెండు పెద్ద పార్టీలు" అంటున్న వాటిలో ప్రతి ఒక్కటీ ఒకనాడు కొత్త పార్టీయే. ఆ మొదటి రోజుల్లో వాటికి ఓటేసినవాళ్లంతా ఓటు పాడుచేసుకున్నవాళ్లే!

ఆళ్లగడ్డ వాళ్లకు 2009 ఇంకా దగ్గరి జ్ఞాపకం. కాంగ్రెస్, తెలుగుదేశం మధ్యలోకి ప్రజారాజ్యం వచ్చింది. రాష్ట్రంలో దాదాపు 16 శాతం ఓట్లు తెచ్చుకుంది, 294లో 18 స్థానాలే దక్కాయి. ఆ పద్దెనిమిదిలో ఒకటి ఆళ్లగడ్డ. శోభా నాగిరెడ్డి గారు అక్కడ గెలిచారు. అదే రోజు, అదే బూతుల్లో, నంద్యాల లోక్‌సభకు అదే పార్టీ తరఫున పోటీ చేసిన భూమా నాగిరెడ్డి గారు గెలవలేకపోయారు. దీంట్లో మనం నేర్చుకోవాల్సింది ఉంది. పార్టీ రాష్ట్రంలో మూడోదైనా, ఊళ్లో మనిషి మొదటి వరసలో ఉంటే ఆ ఓటును ఎవరూ మురిగిన ఓటు అనరు. రాష్ట్రం లెక్క వేరు, నియోజకవర్గం లెక్క వేరు. టీవీలో చూపించే శాతాలు చూసి మన ఊరి ఓటు తూచకూడదు.

అయితే ఆ కథకు తోక కూడా ఉంది. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కాంగ్రెస్ వద్దనుకునే కదా చాలామంది మూడో పార్టీకి వేసింది! వాళ్ల ఓటు వాళ్లను అడగకుండానే చేతులు మారింది. శోభా నాగిరెడ్డి గారు ఆ దారిలో పోకుండా 2012 ఉప ఎన్నికలో వేరే పార్టీ నుంచి మళ్లీ గెలిచారు. మూడో మనిషి గెలుస్తాడా అని ఒక్కటే అడిగితే సరిపోదు. గెలిచాక, ఓడాక, మూడో మనిషిగానే ఉంటాడా అని కూడా అడగాలి.

చిన్న పార్టీని చట్టం కూడా వేరుగా చూస్తుంది. 2014 ఏప్రిల్‌లో పోలింగ్‌కు రెండు వారాల ముందు శోభా నాగిరెడ్డి గారు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. మన ప్రాంతమంతా దుఃఖంలో మునిగింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేయాలని చట్టం. వైఎస్సార్ కాంగ్రెస్ అప్పటికి నమోదైన పార్టీయే గానీ, గుర్తింపు పొందలేదు. అందువల్ల ఎన్నిక ఆగలేదు. ఆమె పేరు యంత్రం మీద అలాగే ఉంది, ఆమే గెలిచారు. తర్వాత ఉప ఎన్నికలో ఆమె కుమార్తె ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. గుర్తింపు అనే ముద్ర ఓట్ల శాతం మీద, సీట్ల మీద ఆధారపడుతుంది. అంటే ఓడిపోయిన అభ్యర్థికి పడిన ఓటు కూడా ఆ లెక్కలో చేరుతుంది.

ఇప్పుడు 2017కు వద్దాం. నంద్యాల ఉప ఎన్నిక. ఆ ఆగస్టు నెలంతా రాష్ట్రంలోని నాయకులందరూ మన వీధుల్లోనే తిరిగారు. తెలుగుదేశానికి 97,076, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 69,610. ఇద్దరికీ కలిపి 1,66,686. మూడేళ్ల కిందటి వరకు రాష్ట్రాన్ని ఏలిన కాంగ్రెస్ పార్టీకి 1,400 కూడా రాలేదు. డ్యువర్జే చెప్పిన సూత్రం అంత కచ్చితంగా పనిచేయడం నేనెక్కడా చూడలేదు. ఇద్దరు పొట్టేళ్లు ఢీకొంటుంటే మధ్యలో ఎవరూ నిలబడరు.

రెండేళ్లకు, 2019లో నంద్యాల లోక్‌సభ. మూడుసార్లు ఎంపీగా గెలిచిన, ఊరూరా పేరున్న ఎస్పీవై రెడ్డి గారు జనసేన తరఫున నిలబడ్డారు. ఏప్రిల్ 11న పోలింగ్. ఫలితాలు చూడకుండానే ఏప్రిల్ 30న ఆయన కన్నుమూశారు. లెక్కపెట్టినప్పుడు ఆయన మూడో స్థానంలో ఉన్నారు. మొదటి ఇద్దరి మధ్య తేడా దాదాపు రెండున్నర లక్షలు. మూడో స్థానం ఓట్లన్నీ రెండో స్థానానికి పోసినా ఫలితం మారదు. అయినా నా మిత్రుడొకడు ఆ ఓటు వేశానని చెప్పినందుకు సొంత బావమరిది ఏడాది పాటు మాట్లాడలేదు, "మా మనిషిని నువ్వే ఓడించినావు" అని. ఒక ఓటు తేడా చేయలేని చోట బంధుత్వం మాత్రం తేడా వచ్చింది. తిట్టే ముందు కూడిక, తీసివేత చేయండి.

ఆ ఎన్నికల్లో జనసేనకు రాష్ట్రమంతా కలిపి ఆరు శాతం లోపు ఓట్లు, ఒకే ఒక్క స్థానం. ఆ ఓట్లన్నీ గుంతలో పోసినట్టే అని ఆనాడు అన్నారు. ఐదేళ్లకు 2024లో అదే పార్టీ పొత్తులో 21 అసెంబ్లీ స్థానాలు తీసుకుని ఇరవై ఒకటీ గెలిచింది. ఆ బేరానికి కూర్చోబెట్టింది ఏది? 2019లో మురిగాయన్న ఓట్లే. ఈ పార్టీని మెచ్చుకోవడానికో, తప్పుపట్టడానికో నేనీ మాట చెప్పడం లేదు. మా హాస్టల్ పిల్లల పదమూడు ఓట్ల లెక్కే రాష్ట్రం మీద పనిచేసిందని చెబుతున్నాను.

ఇంతవరకు చెప్పిందంతా అంకెలు. కానీ మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు అంకెల్లో దొరకని ముఖం ఒకటుంది. అది ఈ సభలో చెప్పకపోతే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు.

నేను పనిచేసిన ఒక పల్లెలో ఊరంతా రెండు వర్గాలు. బావి దగ్గర రెండు, గుడి దగ్గర రెండు, చివరికి బడిలో పిల్లల బెంచీలు కూడా రెండు. ఎన్నిక వస్తే మూడో అభ్యర్థికి బూతులో ఏజెంటు ఉండడు. కుర్చీ ఖాళీ. ఒకసారి ఫలితాలు వచ్చాక ఆ బూతులో ఒక చిన్న పార్టీకి మూడు ఓట్లు పడ్డాయని తెలిసింది. మూడంటే మూడు! మర్నాటి నుంచి ఊళ్లో ఒకటే ఆరా: ఆ ముగ్గురు ఎవరు? మా బడి పిల్లాడి తండ్రి రాత్రిపూట నా ఇంటికొచ్చి, "సార్, ఆ మూడింట్లో మాది ఒకటని అనుకుంటున్నారు. మేం వేయలేదని మీరైనా చెప్పండి సార్" అన్నాడు. వేశాడో లేదో నేను అడగలేదు. వేసినా తప్పు కాదని చెప్పాను. ఆ మాట ఆయనకు ధైర్యం ఇవ్వలేదు. ఆయన కళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇద్దరిలో ఎవరికి వేసినా అండగా ఒక వర్గం ఉంటుంది. మూడో మనిషికి వేసినవాడికి ఎవరుంటారు? రహస్య ఓటు అంటున్నాం గానీ, ఓట్లు బూతుల వారీగా లెక్కపెట్టి, బూతుల వారీగా ప్రకటిస్తుంటే చిన్న పల్లెలో రహస్యం సగమే. కాగితం బ్యాలెట్ల కాలంలో అనేక బూతుల కాగితాలు కలిపి లెక్కపెట్టే వీలుండేది. యంత్రాలు వచ్చాక ఆ కలపడం పోయింది. కొన్ని యంత్రాల మొత్తాన్ని ఒకేసారి కూడి చూపించే టోటలైజర్ పరికరం పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూతుల వారీ లెక్క తెలియడం ఎవరికి అవసరమో మీరే ఆలోచించండి.

అందుకే నేను మూడో మనిషికి పడిన ఆ మూడు ఓట్లను తేలిగ్గా తీసుకోలేను. ఇలాంటి పల్లెలో అది ఎమ్మెల్యేను ఎన్నుకోవడం కాదు. మేం రెండు వర్గాల్లో దేనికీ పుట్టినప్పటి నుంచే రాసిచ్చినవాళ్లం కాదని ఒక కుటుంబం తనకు తాను చెప్పుకోవడం. అది ఆచరణకు పనికొచ్చే పనేనా అంటే, గెలుపోటముల లెక్కలో కాదు. ఆ ఇంటి మనిషి తల ఎత్తుకుని నడవడం కూడా ఒక లెక్క అయితే, అవును.

లెక్కపెట్టే పద్ధతి మారితే ఈ చిక్కంతా ఉండదని మా సారు చూపించారు గదా. అలాంటి పద్ధతి మన దగ్గర ఉంది. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులందరూ దాన్ని వాడారు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 అని ప్రాధాన్యతలు రాస్తాం. మనం 1 రాసినవాడు వెనకబడి పోటీ నుంచి తప్పుకుంటే, మన కాగితం 2 రాసినవాడి కట్టలోకి పోతుంది. మురగదు. 2023లో కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్యత ఓట్లలో వెనకబడిన అభ్యర్థి, తర్వాతి ప్రాధాన్యతలు కలిశాక గెలిచాడు. అక్కడ మూడో అభ్యర్థికి వేసినవాళ్ల రెండో అంకే తీర్పు చెప్పింది.

మన నంద్యాల ఎంపీ సంజీవరెడ్డి గారి జీవితంలోనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. 1969 రాష్ట్రపతి ఎన్నిక. మొదటి లెక్కలో వి.వి.గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్ గారికి 1,12,769. ఎవరికీ సగం రాలేదు. మిగతావాళ్ల కాగితాల మీద రెండో అంకె చూశారు. చాలావరకు సంజీవరెడ్డి గారికే వెళ్లాయి. 88 వేల తేడా 14,650కి దిగింది. చివరికి గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427. దేశ్‌ముఖ్ గారికి వేసినవాళ్లు తమ మనసులోని మనిషికీ వేశారు, అసలు పోటీలోనూ పాలుపంచుకున్నారు. ఈ వెసులుబాటు ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, పట్టభద్రులకు, ఉపాధ్యాయులకు ఉంది. కె.సి. కాలువ కింద వరి నాటే మనిషికి మాత్రం లేదు. ఎందుకు లేదని అడగాల్సిన బాధ్యత చదువుకున్న మన మీద ఉంది.

పనిలో పనిగా ఒక మాట. ఆ ఎమ్మెల్సీ కాగితం మీద టిక్కులు పెట్టి, సంతకాలు చేసి, 1 రాయకుండా 2 రాసి పట్టభద్రులే వేల ఓట్లు చెల్లకుండా చేస్తుంటారు. నిజంగా మురిగే ఓటంటే అదీ!

సరే, ఇక తేల్చాలి. కార్యదర్శి గడియారం చూస్తున్నాడు.

నా అనుభవంలో మూడో మనిషికి వేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, మన నియోజకవర్గంలో మొదటి ఇద్దరి మధ్య పోటీ ఎంత దగ్గరగా ఉంది? పాతిక ఓట్లతో తేలే చోట చేయాల్సిన పని వేరు, రెండున్నర లక్షలతో తేలే చోట వేరు. రెండు, ఆ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు ఒకటేనా, లేక ఒకరు గెలిస్తే నిజంగా నష్టమా? నిజంగా నష్టమనుకుంటే, పోటీ దగ్గరగా ఉంటే, ఆ నష్టాన్ని ఆపే ఓటు వేయడం పిరికితనం కాదు. మూడు, ఆ మూడో మనిషి ఎన్నిక అయిపోయిన మర్నాడు కూడా ఇక్కడే ఉంటాడా? ఓడినా ఆసుపత్రి దగ్గర, కాలువ గట్టు దగ్గర, మండలాఫీసు దగ్గర కనిపిస్తాడా? నామినేషన్‌కు వచ్చి, డిపాజిట్ పోగానే మాయమయ్యేవాడికి వేసిన ఓటు మురిగినట్టే. అందులో నాకు సందేహం లేదు.

మనది విత్తనాల ఊరు. రైతు బిడ్డలకు నేను వేరే చెప్పాలా? పండిన గింజలన్నీ ఈ ఏడే తినేస్తే వచ్చే ఏడు చల్లుకోవడానికి ఉండదు. అన్నీ విత్తనానికే దాచిపెడితే ఈ ఏడు పిల్లలకు పెట్టడానికి ఉండదు. కొన్ని ఓట్లు తిండిగింజలు, కొన్ని ఓట్లు విత్తనాలు. ఏ ఏడు ఏది అవసరమో చూసుకుని వేయాలి. ఎప్పుడూ తిండికే వేసేవాడు ఆ ఇద్దరికీ బందీ అయిపోతాడు, వాళ్లకు అతని మీద భయం ఉండదు. పుచ్చిన విత్తనం చల్లేవాడికి మొలకే రాదు.

నేను జీవితంలో పెద్ద ఎన్నికల్లో ఒక్కసారే మూడో మనిషికి వేశాను. ఏ ఏడో, ఎవరికో అడగొద్దు. ఆయన ఓడిపోయారు. డిపాజిట్ కూడా రాలేదు. కానీ మా వీధి మురుగు కాలువ మీద ఆయన కరపత్రంలో రాసిన మాటలే తర్వాతి ఎన్నికలో గెలిచిన పార్టీ కరపత్రంలో చదివాను. పని సగమే చేశారనుకోండి. ఆ సగం నా ఓటులోంచి వచ్చిందని మాత్రం అప్పుడప్పుడు ఆ వీధిలో నడుస్తూ అనుకుంటుంటాను.

చివరిగా మీకొక పరిచయం. తొమ్మిదో తరగతిలో 13 ఓట్లతో ఓడిపోయిన మా హాస్టల్ అభ్యర్థి మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చున్నాడు. సిగ్గుపడకుండా ఒకసారి లేవరా! నిన్ను ఓడించిన లీడర్ కూడా నీ ముందు వరసలోనే ఉన్నాడు. ఈ రోజు టిఫిన్ ఆలస్యమైనప్పుడు మీ ఇద్దరూ కలిసి వంటశాల దగ్గరికి వెళ్లి గట్టిగా అడగడం నేను చూశాను. యాభై ఏళ్లయినా ఆ 13 ఓట్లు ఇంకా పనిచేస్తున్నాయి.